చేపు

తార్నాక మెట్రో స్టేషన్ మెట్లు దిగి చుట్టూ చూస్తే టిఫిన్ సెంటర్లు, కోచింగ్ బోర్డులు, షేర్ ఆటోలు తప్ప ఇంకేం కనబడవు. కానీ ఒకపక్క ఉస్మానియా క్యాంపస్, దాని దగ్గరే జాతీయ పోషకాహార సంస్థ, అంటే మనందరికీ తెలిసిన ఎన్‌ఐఎన్. ఉప్పల్ రోడ్డు పట్టుకుని హబ్సిగూడ వైపు వెళ్తే ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ. మల్కాజ్‌గిరిలో పుట్టి పెరిగిన నాలాంటి వాళ్లకి ఇవన్నీ స్టాపుల పేర్లు. లోపల ఏం చేస్తారో తెలుసుకోవాల్సిన పని ఎప్పుడూ పడలేదు. ఆ పని అక్క కాన్పుతో పడింది.

అక్కకి సిజేరియన్ అయింది. ఆస్పత్రి నుంచి నేరుగా మా ఇంటికే తీసుకొచ్చాం. రెండు పడకగదుల ఫ్లాట్. ఒక గదిలో అక్క, పాప. ఇంకో గదిలో నా ల్యాప్‌టాప్, నా మీటింగులు. మధ్యలో హాల్లో ఊళ్లోని చుట్టాలందరూ. వచ్చిన ప్రతివాళ్లూ పాపని చూసి, ముక్కు ఎవరిదో తేల్చి, తర్వాత అక్క వైపు తిరిగి అడిగే ప్రశ్న ఒకటే: "పాలు పడ్డాయా?"

ఒకరోజు ఊరికే లెక్కపెట్టాను. పొద్దున్నుంచి రాత్రి దాకా పదకొండుసార్లు. కింది ఫ్లోర్ ఆంటీ రెండుసార్లు అడిగింది, ఒకసారి లిఫ్టు దగ్గర నన్ను కూడా. అక్క అత్తమ్మ మాత్రం ప్రశ్నతో ఆగలేదు. "మా ఇంట్ల ఎవ్వరికీ ఇట్ల కాలేదమ్మా" అనేసింది. మెల్లగానే అంది. కానీ ఆ మాట అన్నాక అక్క పాపని ఒళ్లోకి తీసుకున్నప్పుడల్లా భుజాలు బిగబట్టుకుని కూచోవడం మొదలుపెట్టింది.

పదో రోజు చెకప్‌లో పాప బరువు పుట్టిననాటి బరువుకి ఇంకా చేరలేదు. పుట్టిన కొత్తలో కాస్త తగ్గి, రెండు వారాల్లోపు మళ్లీ అందుకోవడం మామూలేనట. ఇంకో నాలుగు రోజులు చూద్దాం, అప్పటికీ పెరక్కపోతే డబ్బా పాలు కలుపుదాం అన్నారు డాక్టరుగారు. ఇంటికొచ్చేసరికి ఆ మాట "నాలుగు రోజులే టైముంది" అయిపోయింది. ఆఫీసులో డెడ్‌లైన్ అంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అక్కకిచ్చింది తన ఒంటి మీద డెడ్‌లైన్.

ఆ సాయంత్రమే భువనగిరి దగ్గరి పల్లె నుంచి అమ్మమ్మ దిగింది. హాల్లో ఉన్న చెప్పుల వరస చూసింది, గదిలోకి తొంగి చూసింది, బయటికొచ్చి అమ్మతో అంది: "బర్రె సేపాల్నన్నా కొట్టంల కొత్త మనిషి ఉండొద్దంటం గదనే. ఇది బిడ్డ. ఇంతమంది మీదబడి సూస్తాంటె పాలేడ దిగుతయి?"

సేపు. పుస్తకాల భాషలో చేపు. పశువులున్న ఇళ్లలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. నాలాంటి ప్యాకెట్ పాల పిల్లల కోసం చెబుతున్నాను. పొదుగులో పాలు ఉండటం వేరు, అవి చనుకట్లలోకి దిగడం వేరు. దూడని వదిలితే నాలుగు గుక్కలు కుడుస్తుంది, పొదుగు బిర్రుగా అవుతుంది, అప్పుడు దూడని పక్కన కట్టేసి పితుకుతారు. ఆ దిగడమే చేపు. కొత్త మనిషి పితకడానికి కూచున్నా, కుక్క మొరిగినా, కొట్టం మారినా బర్రె ఎగచేపుతుంది. అంటే ఉన్న పాలు ఇవ్వదు. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెట్టేవాళ్లట. అమ్మమ్మ చిన్నప్పుడు చూసిందట. తల్లి ఆ గడ్డిదూడని నాకుతూ పాలిచ్చేదట.

ఆ వారమే క్యాంపస్‌లో నా స్నేహితురాల్ని కలిశాను. ఇంజినీరింగ్‌లో నేను చేరినప్పుడు తను డిగ్రీలో చేరి, ఓయూలో జువాలజీ ఎమ్మెస్సీ చేసి, ఇప్పుడు హార్మోన్లు, జంతువుల ప్రవర్తన అంటూ పీహెచ్‌డీలో మునిగి ఉంది. ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్ల కింద కూచుని అమ్మమ్మ మాట చెప్పాను. అది పగలబడి నవ్వింది. "మా వాళ్లు ఇదే విషయాన్ని పేజీలకు పేజీలు రాస్తారే. మీ అమ్మమ్మ రెండు వాక్యాల్లో తేల్చేసింది."

తను చెప్పింది నాకు అర్థమైనంత వరకూ ఇది. పాలు తయారుచేయించే హార్మోన్ ప్రొలాక్టిన్. ఆ తయారైన పాలని బయటికి నెట్టించేది ఆక్సిటోసిన్. బిడ్డ చన్ను పట్టగానే నరాల ద్వారా కబురు మెదడులోని హైపోథలామస్‌కి వెళ్తుంది, అక్కడ తయారైన ఆక్సిటోసిన్ పీయూష గ్రంథి నుంచి విడతలు విడతలుగా రక్తంలోకి దిగుతుంది, రొమ్ములో పాల గదుల చుట్టూ ఉన్న చిన్న కండర కణాలు బిగుసుకుని పాలని ముందుకు తోస్తాయి. బిడ్డ ఏడుపు వినబడినా చాలు, ఒక్కోసారి తలచుకున్నా చాలు, కబురు వెళ్లిపోతుంది. అలాగే భయం, నొప్పి, సిగ్గు, ఎవరో చూస్తున్నారన్న ఇబ్బంది ఆ కబురుని మధ్యలో ఆపగలవు.

"దీని మీద 1948లోనే ఒక ప్రయోగం ఉంది" అంటూ న్యూటన్ దంపతుల సంగతి చెప్పింది. మైకేల్ న్యూటన్, నైల్స్ న్యూటన్ అమెరికాలో పాలిచ్చే ఒక తల్లి మీద చేసిన ప్రయోగం అది. ఏ ఇబ్బందీ లేనప్పుడు బిడ్డ తాగిన పాలు సగటున 168 గ్రాములు. తర్వాత పాలిచ్చేటప్పుడు ఆమెని రకరకాలుగా ఇబ్బంది పెట్టారు. పాదాలు మంచునీళ్లలో పెట్టించడం, కాలివేళ్లు నొప్పి పుట్టేలా లాగడం, నోటిలెక్కలు అడిగి తప్పు చెబితే చిన్న కరెంటు షాకు ఇవ్వడం. (మన ఇంటర్ కాలేజీలు గుర్తొచ్చాయి నాకు.) అప్పుడు బిడ్డకి అందినవి 99 గ్రాములు. అదే ఇబ్బందుల మధ్య ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తే 153. అంటే పాలు ఎక్కడికీ పోలేదు, లోపలే ఉన్నాయి. కిందికి దిగడం ఆగిందంతే.

ఒక్క తల్లి మీద చేసిన ప్రయోగాన్ని ఇవాళ ఏ పత్రికా అంత తేలిగ్గా ఒప్పుకోదని కూడా తనే అంది. కానీ తర్వాత వచ్చిన పరిశోధనలు మొత్తానికి ఆ దారినే నడిచాయట. నాకు మాత్రం ఆ 99 అంకె బుర్రలోంచి పోలేదు. మంచునీళ్లు లేవు, షాకులు లేవు గానీ, రోజుకి పదకొండుసార్లు "పాలు పడ్డాయా" అని అడగటం తక్కువ ఇబ్బందా?

"అయితే ఆ ఇంజెక్షనేదో అక్కకీ ఇచ్చేస్తే అయిపోతుంది కదా?" అన్నాను. నేను బ్యాకెండ్ డెవలపర్ని. ఇన్‌పుట్ ఇస్తే అవుట్‌పుట్ రావాలి, అంతే.

"ఇంజెక్షన్ ఆ పూటకి. రేపు మళ్లీ అదే గది, అదే ప్రశ్నలు" అంది.

మనుషుల సంగతేమో గానీ, బర్రెలతో మనవాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్నది ఇదే. నగరం చుట్టుపక్కల తబేలాల్లో దూడని పెంచడం ఖర్చు. దూడ లేకపోతే బర్రె చేపదు. కాబట్టి పితికే ముందు ఒక సూది. నా చిన్నప్పుడు మా గల్లీ చివర ఉన్న తబేలాలో ఆ చిన్న సీసాలు మట్టిలో పడి ఉండేవి, మేం ఏరుకుని ఆడుకునేవాళ్లం. ఆ సూది పాలు తాగితే ఆడపిల్లలు తొందరగా ఈడేరతారని మా అమ్మ దశాబ్దం పాటు నమ్మింది. ఇప్పటికీ చాలా ఇళ్లలో నమ్ముతారు.

ఈ విషయాన్ని పరీక్షించింది ఎక్కడో కాదు, మా తార్నాక ఎన్‌ఐఎన్‌లోనే. సూది వేసిన బర్రెల పాలలో ఆక్సిటోసిన్ ఎంత ఉందో, వెయ్యనప్పుడు ఎంతో కొలిచారు. 2014లో అచ్చయిన ఆ ఫలితం ప్రకారం రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. వేడికి ఆ హార్మోన్ అంత తేలిగ్గా చెడిపోదు గానీ, పేగుల్లో జరిగే జీర్ణక్రియకి మాత్రం ఇట్టే విరిగిపోతుంది. అంటే గ్లాసుడు పాలు తాగితే దానిలోని ఆక్సిటోసిన్ మన రక్తంలోకి చేరే దారి లేదు. అమ్మకి ఇది చెబితే, "మరి బర్రె సంగతి?" అంది. మంచి ప్రశ్న. సూదికి అలవాటు పడ్డ పశువు సంగతి గ్లాసు పాలు కొలిస్తే తెలియదు కదా. 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ దుర్వినియోగం ఆపడానికని ప్రైవేటు కంపెనీలు ఆక్సిటోసిన్ తయారుచేయకుండా నిషేధం పెట్టబోతే, డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి వాడే మందు అది. అది కరువైతే తల్లుల ప్రాణాలకే ముప్పు. తబేలా సీసాలో ఉన్నదీ, అక్క ఆపరేషన్ థియేటర్లో ఉన్నదీ ఒకే మందు అని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఇంటర్నెట్‌లో ఆక్సిటోసిన్ అని కొడితే ఇవేవీ ముందు రావు. "ప్రేమ హార్మోన్" అని వస్తుంది. కౌగిలించుకుంటే వస్తుంది, కుక్కపిల్లని నిమిరితే వస్తుంది, బాటిల్లో స్ప్రే కూడా దొరుకుతుంది. ఈ పేరు ఊరికే రాలేదు. 1979లో పెడర్సన్, ప్రాంజ్ అనే శాస్త్రవేత్తలు పిల్లల్ని కనని ఆడ ఎలుకల మెదడులోకి ఆక్సిటోసిన్ ఎక్కిస్తే వాటిల్లో చాలా ఎలుకలు పరాయి పిల్లల్ని నాకడం, గూటిలోకి చేర్చడం మొదలుపెట్టాయి. తర్వాత అమెరికా గడ్డిమైదానాల్లో ఉండే ప్రేరీ వోల్ అనే చిట్టెలుక లాంటి జీవి వచ్చింది. ఇది జంట కడితే చాలావరకూ ఆ జంటతోనే ఉంటుంది. దాని జంట బంధం వెనక ఆక్సిటోసిన్ ఉందని 1990ల నుంచి వరసగా పరిశోధనలు. 2005లో స్విట్జర్లాండ్‌లో ముక్కులో ఈ స్ప్రే కొట్టించుకున్న కుర్రాళ్లు తెలియనివాళ్లని ఎక్కువ నమ్మి డబ్బు అప్పజెప్పారని 'నేచర్'లో వచ్చేసరికి ప్రపంచమంతా ఊగిపోయింది.

ఆ తర్వాతే అసలు కథ. ఆ నమ్మకం ప్రయోగాన్ని మళ్లీ చేసినవాళ్లకి అదే ఫలితం సరిగ్గా రాలేదు. 2011లో నెదర్లాండ్స్‌లో చేసిన ఇంకో ప్రయోగంలో ఆక్సిటోసిన్ తీసుకున్నవాళ్లు తమవాళ్లనుకున్నవాళ్ల వైపు ఇంకాస్త మొగ్గారు. ప్రేమ హార్మోన్ కాస్తా "మనోళ్లు" హార్మోన్ అయింది! 2023లోనైతే అమెరికా శాస్త్రవేత్తలు ఆక్సిటోసిన్‌ని అందుకునే రిసెప్టర్ జన్యువునే ప్రేరీ వోళ్లలో తీసేశారు. అయినా అవి జంట కట్టాయి, పిల్లల్ని కన్నాయి. కొన్ని పాలు కూడా ఇచ్చాయి. కాకపోతే పెరిగి బయటపడిన పిల్లలు తక్కువ, వాటి బరువూ తక్కువ.

"ముప్పై ఏళ్ల నమ్మకం కదా, మీ ల్యాబ్‌లో ఎవరూ ఏడవలేదా?" అని అడిగాను.

"ఒక్క వైరు పీకితే ఇల్లంతా చీకటైపోదు. అంత ముఖ్యమైన పనికి శరీరం ఒక్క వైరునే నమ్ముకోదు" అంది. ఆ మాట నాకు బాగా ఎక్కింది. మేం కట్టే సర్వర్లూ అంతే కదా.

హార్మోన్లు ప్రవర్తనని నడిపిస్తాయనే మాట అందరూ చెబుతారు. చుట్టూ ఉన్న ప్రవర్తన హార్మోన్లని ఎలా నడిపిస్తుందో చెప్పేవాళ్లు తక్కువ. దానికి మన ఊళ్లోనే మంచి ఉదాహరణ ఉంది. సీసీఎంబీకి అత్తాపూర్‌లో లాకోన్స్ అని ఇంకో ప్రయోగశాల ఉంది, అంతరించిపోతున్న జంతువుల కోసం. అక్కడ జి. ఉమాపతిగారి బృందం అడవి జంతువుల ఒత్తిడిని కొలుస్తుంది. దేనితో అంటారా? పేడతో. పులికి సూది గుచ్చి రక్తం తీయాలంటే ముందు దాన్ని పట్టుకోవాలి, ఆ పట్టుకోవడంతోనే దాని ఒత్తిడి ఆకాశానికి అంటుతుంది, ఇక కొలిచి ఏం లాభం? అందుకని అది వెళ్లిపోయాక మలం సేకరిస్తారు. రక్తంలో తిరిగిన ఒత్తిడి హార్మోన్లు కాలేయంలో ముక్కలై చివరికి అందులోకే చేరతాయి. దాన్ని ఆరబెట్టి, పొడిచేసి, హార్మోన్ ముక్కల్ని ద్రావణంలోకి లాగి కొలుస్తారు. అదే మలంలోని డీఎన్‌ఏతో అది ఏ పులిదో, ఆడదో మగదో కూడా చెప్పేస్తారు.

రాజస్థాన్‌లోని సరిస్కాలో వేటగాళ్ల దెబ్బకి 2005 నాటికి ఒక్క పులి కూడా మిగల్లేదు. 2008 నుంచి రణథంబోర్ పులుల్ని తెచ్చి వదిలారు. అనుకున్నంత వేగంగా పిల్లల్ని పెట్టలేదు. అడవి ఉంది, తిండి ఉంది, తోడు ఉంది. మరేమైంది? ఈ బృందం కూడా పాలుపంచుకున్న 2015 నాటి అధ్యయనంలో రోడ్లు, పశువులు, మనుషుల అలికిడి ఉన్నచోట పులుల్లో ఒత్తిడి హార్మోన్లు ఎక్కువగా కనిపించాయి. 2019లో కన్హా, బాంధవ్‌గఢ్ పులుల మీద వచ్చిన ఇంకో అధ్యయనంలో, సఫారీ జీపులు తిరిగే సీజన్లో ఆ హార్మోన్లు పెరిగాయి, పార్కు మూసిన రోజుల్లో తక్కువున్నాయి. జీపుల్లో వచ్చేవాళ్లెవరూ పులిని ఏమీ అనరు. ముచ్చటపడి చూస్తారు, ఫొటోలు తీసుకుంటారు, అంతే. మా హాల్లో చుట్టాలూ అంతే.

ఇది అక్కకి చెప్పాను. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. "అయితే నేను సఫారీ పులినన్నమాట" అంది. కుట్లు లాగుతాయని పొట్ట పట్టుకుని మరీ నవ్వింది.

అమ్మమ్మ పార్కు మూసేసింది. గది తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూచుంది. వచ్చినవాళ్లకి హాల్లోనే టీ, హాల్లోనే వీడ్కోలు. పాపని చూపించమంటే "నిద్రపోయింది" అనేది, లోపల్నుంచి ఏడుపు వినిపిస్తున్నా సరే. బావ వాళ్లమ్మని పక్కకి తీసుకెళ్లి ఏదో మాట్లాడాడు. ఆస్పత్రి నుంచి ఒక నర్సు వచ్చి, పాప చన్ను పట్టే తీరు సరిగ్గా లేదని చూపించి, ఎలా పట్టించాలో నేర్పింది. అక్క రెండు పూటలు డబ్బా పాలు కూడా కలిపింది. అమ్మమ్మ దానికి మూతి విరవలేదు. "కడుపు నిండాలె గద ముందు" అంది. పదహారో రోజుకి పాప పుట్టిన బరువు దాటింది.

ఏది పనిచేసింది? నేను చెప్పలేను. నాలుగు మార్పులు ఒకేసారి ప్రొడక్షన్‌లోకి పంపితే ఏ మార్పు వల్ల బగ్ పోయిందో ఏ ఇంజినీరూ చెప్పలేడు. నర్సు నేర్పిన పద్ధతి వల్లే కావచ్చు. నాకు తెలిసిందల్లా, అక్క భుజాలు కిందికి దిగాయి.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి నీళ్ల కోసం లేస్తే హాల్లో అక్క అత్తమ్మ మేలుకుని ఉంది. తనంతట తనే మొదలుపెట్టింది. బావ పుట్టినప్పుడు తనకీ పాలు రాలేదట. ఉమ్మడి కుటుంబం, తొమ్మిదిమంది, ఒకటే వసారా, చీర అడ్డం కట్టుకుని పాలివ్వాలి. అత్త అడుగుతుంటే ఏడుపొచ్చేదట. చివరికి ఆవుపాలలో నీళ్లు కలిపి పట్టారట. "ఎవ్వరికి చెప్పలె నేను. అడిగిన్రు గానీ ఎవ్వరు చెప్పనియ్యలె" అంది. "మా ఇంట్ల ఎవ్వరికీ కాలేదు" అన్న మాటకి అర్థం అప్పుడు తెలిసింది. ఆ ఇంట్లో ఎవరూ బయటికి చెప్పలేదు. తెల్లారి ఆమె అక్కకి చెప్పిందో లేదో నాకు తెలియదు. అమ్మమ్మ పక్కన రెండో కుర్చీ మాత్రం వేసుకుంది.

పాపకి ఇప్పుడు ఎనిమిదో నెల. 2017లో మార్చిన చట్టం ప్రకారం అక్కకి ఇరవై ఆరు వారాల సెలవు దొరికింది. అదే చట్టం, యాభైమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట పిల్లల గది ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చని కూడా చెప్పింది. అక్క ఆఫీసులో ఆ గది కాగితం మీద ఉంది. అందుకని బ్యాగులో చిన్న పంపు, ఐసు ప్యాకు, రెండు సీసాలు పెట్టుకుని వెళ్తోంది. మధ్యాహ్నం రెండున్నరకి ఖాళీగా ఉన్న మీటింగ్ రూమ్ వెతుక్కుంటుంది. గడియ పనిచెయ్యదు కాబట్టి తలుపుకి కుర్చీ అడ్డం పెడుతుంది. మొదటి ఐదు నిమిషాలు ఒక్క చుక్క రాదు. ఫోన్లో పాప ఏడుస్తున్న వీడియో పెట్టుకుంటుంది, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది. అప్పుడు చేపు వస్తుంది. ఈలోగా ఎవరైనా తలుపు తట్టి "ఈ రూమ్ మాకు బుక్ అయిందండీ" అంటే, మళ్లీ మొదట్నుంచి.